ఓబుళమ్మ పేనిన దారం

నా ఎడమ మోకాలికి కాస్త పైన బియ్యపు గింజంత మచ్చ ఒకటి ఉంది. అది ఎలా వచ్చిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

1958వ సంవత్సరం. ప్రొద్దుటూరులో ఒక లేడీ డాక్టరు నడిపే చిన్న ఆస్పత్రి. నేను పులివెందుల నుంచి వచ్చి అక్కడ నర్సుగా చేరి ఏడాది దాటింది. ఆపరేషన్ గదిలో సూదులూ దారాలూ సిద్ధం చేసి అందివ్వడం నా పని. ఆ గదిలో అందరూ మూతికి గుడ్డ కట్టుకునే ఉంటారు, నన్ను మాట్లాడమని ఎవరూ అడగరు. అందుకే ఆ పని నాకు నచ్చింది. తీరిక దొరికితే డాక్టరమ్మ బీరువాలోని పుస్తకాలు అర్థమైనంత మేరకు చదువుకునేదాన్ని.

చలికాలం మొదట్లో జమ్మలమడుగు నుంచి నేతపని చేసే సుబ్బన్న తన కోడలు ఓబుళమ్మను తీసుకుని వచ్చాడు. ఓబుళమ్మ ఒళ్ళో ఐదు నెలల ఆడపిల్ల, పిల్ల ముఖం మీద కొంగు. తీయమని డాక్టరమ్మ అడిగినా ఆమె తీయలేదు. సుబ్బన్నే తీశాడు. పిల్ల పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. దాన్ని మన వైపు గ్రహణం మొర్రి అంటారు. గ్రహణం వేళ కడుపుతో ఉన్న మనిషి ఏదైనా కోస్తే బిడ్డకు అలా అవుతుందని నమ్మకం.

"ఆ పొద్దు మగ్గం మీద పోగు చిక్కుబడితే కత్తితో కోసినానమ్మా" అంది ఓబుళమ్మ, ఎవరూ అడగకుండానే. "ఇంట్లోనే ఉన్న్యా. బయటికి గూడా రాలే. మతికి లేక కోసినా."

పిల్లకు చనుబాలు చీకడం రాదు. ఉగ్గుగిన్నెతో పోస్తే సగం బయటికే కారేవి. ఐదు నెలల పిల్ల మూడు నెలల పిల్లలా ఉంది. పెదవి కలిపి కుట్టడం తన చేతనవుతుంది కానీ కుట్టడానికి తగిన దారమే లేదని డాక్టరమ్మ చెప్పింది. గాయం కుట్టే దారాన్ని మేము స్యూచర్ అంటాం. పసిపిల్ల పెదవికి అందులో బాగా సన్నని పట్టు రకం కావాలి. విదేశీ సరుకు రావడం కష్టంగా ఉన్న రోజులవి. మద్రాసు కంపెనీకి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు.

"నా దగ్గరున్న దారంతో కుడితే గోనెసంచి కుట్టినట్టుంటుంది. మద్రాసు తీసుకుపోండి" అంది డాక్టరమ్మ.

"మద్రాసు యాడ, మేము యాడ తల్లీ!" అన్నాడు సుబ్బన్న. "పట్టు దారమే గదా నీక్కావల్సింది? పంచెల అంచులకని మా ఇంట్లో కండెలకు కండెలు చుట్టి పెట్టుకోనుండాం. నేను తెస్తా, సూడు."

డాక్టరమ్మ "తీసుకురా. పరీక్ష చేసి చూద్దాం" అంది.

అతను తెచ్చిన దారం నున్నగా, గట్టిగా ఉంది. మేకుకు కట్టి, నడుమ ఒక ముడి వేసి, కింద తూనికరాళ్ళు ఒక్కొక్కటే వేలాడదీశాం. దారం తెగకుండా ఎంత బరువు మోస్తుందో దాన్ని టెన్సైల్ స్ట్రెంత్ అంటారు. ఏ దారమైనా ముడి దగ్గరే ముందు తెగుతుందని, కుట్టు బలమంతా ముడి బలమేనని ఆ రోజే తెలుసుకున్నాను. పొడిగా ఉన్నంతసేపు దారం బరువు బాగా మోసింది. ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే పాత్రలో పెట్టి తీసేసరికి మెత్తబడి, నూగు లేచి, చేతికి జిగురుగా అంటుకుంది. మొదటి రాయికే తెగింది.

"దీనికి ఏం పూశావు సుబ్బన్నా?"

"ఏముందమ్మా, గంజి! మంచి బియ్యం గంజి పెట్టినా, నా మనవరాలికని. గంజి పెట్టకుంటే అది పోగెట్టయితాది?"

నాకు నవ్వొచ్చింది. ఆపరేషన్ గదిలోంచి అలాగే వచ్చాను కాబట్టి మూతికి గుడ్డ ఉండడం మంచిదైంది. గంజి వద్దని, పట్టుకు పుట్టుకతో ఉండే జిగురు కూడా సోడా నీళ్ళలో ఉడికించి తీసేయాలని డాక్టరమ్మ చెప్పింది. అతను మళ్ళీ తెచ్చాడు. ఈసారి దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం. "నా కండ్లు పోయినాయిలేమ్మా. సన్నంగా పేనేది మా కోడలే" అని ఒప్పుకున్నాడు.

మామ మాట కాదనలేక ఓబుళమ్మ పేనింది. ఆ దారాన్ని చూడాలంటే నల్లగుడ్డ మీద పరచాల్సి వచ్చింది. ఆవిరి పట్టాక కూడా బరువు మోసింది. డాక్టరమ్మ ఆపరేషన్‌కు రోజు చెప్పింది. ఓబుళమ్మ పిల్లను గట్టిగా పట్టుకుంది.

"నా చేతి దారం నా బిడ్డకొద్దు. కోసింది ఈ చేతులే. అది లోపలికి పోయి చీము పట్టిస్తే?"

డాక్టరమ్మ లాంతరు వెలిగించి, రెండు నిమ్మకాయలు పట్టుకుని గ్రహణమంటే నీడేనని చూపించింది. ఓబుళమ్మ శ్రద్ధగా చూసింది. "నువ్వు చెప్పేది నిజమేలేమ్మా. అయినా వద్దు" అంది. సుబ్బన్న కసిరాడు. ఆమె కదల్లేదు.

నాకు ఆమెతో వాదించే నోరు లేదు. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ భోజనానికి వెళ్ళినప్పుడు, ఆ దారం కొంత తీసుకుని, తిమ్మిరి మందు పొడుచుకుని, మోకాలి పైన ఒక కుట్టు వేసుకున్నాను. ఒక్క ఒంటి మీద చేసినది పరీక్ష కిందికి రాదని, అలా ఎవరూ చేయకూడదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆమెకు నిజం చెప్పాలంటే ముందు నాకు నిజం తెలియాలనిపించింది. రోజూ తలుపు వేసుకుని చూసుకునేదాన్ని. వాపు లేదు, ఎరుపు లేదు. కుట్టు విప్పాక, పిల్లకు బలం రావాలని డాక్టరమ్మ ఆస్పత్రిలోనే ఉంచుకున్న ఓబుళమ్మ దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నీ దారం ఒక మనిషి ఒంట్లో వేసి చూశాం. చీము పట్టలేదు."

"ఎవురి ఒంట్లో?"

"నాకు తెలిసినామె."

"ఆమె బాగుండాదా?"

"బాగుంది."

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పిల్లను నా చేతుల్లో పెట్టింది.

ఆపరేషన్ రోజు ఆ దారాన్ని సూదిలోకి ఎక్కించి నేనే అందించాను. పిల్ల పెదవి తాకకుండా మోచేతులకు అట్టముక్కలు కట్టి, చెంచాతో పాలు పట్టాం. కుట్లు విప్పిన రోజు చీలిక ఉన్నచోట సన్నని గీత మాత్రమే మిగిలింది. చీము లేదు. మరికొన్నాళ్ళకు పిల్ల తల్లి రొమ్ము పట్టి, చప్పుడు చేస్తూ చీకింది. ఆ చప్పుడుకు వరండాలో ఉన్న సుబ్బన్న లోపలికి రాబోయి, సిగ్గుపడి ఆగిపోయాడు.

వెళ్ళేముందు అతను డాక్టరమ్మను అడిగాడు. "ఈ దారం ఆస్పత్రులకు అమ్ముకుంటే మగ్గం బాధ తప్పుతాదేమోమ్మా?"

"ఒక చీరకు పట్టే పట్టుతో ఇక్కడ ఏళ్ళ తరబడి కుట్లు వేయొచ్చు. పైగా తెచ్చిన ప్రతిసారీ పరీక్ష చేయాలి. గిట్టుబాటు కాదు సుబ్బన్నా."

"అంటే జనాలు కోపిచ్చుకునేది తక్కువ, కట్టుకునేదే ఎక్కువ. పోనీలే, మంచిదే!"

దారం బలాన్ని రాళ్ళు కట్టి చూడవచ్చు. తల్లి మనసులోని భయం ఎంత బరువో చూసే సాధనం మా దగ్గర లేదు. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, దానికీ ఒక జవాబు వెతకడం వైద్యంలో భాగమేనని ఈ కేసు నాకు నేర్పింది.

జమ్మలమడుగు బస్సు దాకా వాళ్ళతో వెళ్ళాను. పిల్ల ముఖం మీద కొంగు లేదు. ఎక్కేముందు ఓబుళమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది.

"మల్లా గ్రహణం పట్టినప్పుడు బయటికొచ్చి సూస్తా సిస్టరమ్మా. ఎట్టుంటాదో నేనెప్పుడూ సూడలే."