కొండ మీది అద్దం

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన ఏడాది, మేము ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో ఉండేవాళ్ళం. అమ్మకు ఆ జబ్బు సోకి పెద్దాసుపత్రిలో చేర్చారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. మొదట్లో ఫోన్‌లో కనిపించేది. తర్వాత ఆక్సిజన్ మాస్కు పెట్టి మాట్లాడవద్దన్నారు, ఇక ఫోన్ రాలేదు. ఎప్పుడడిగినా నాన్న, "అమ్మ గ్రాండ్‌గుంది బిడ్డా, నువ్వు తిను" అనేవాడు. ఆ దేశంలో గ్రాండ్ అంటే బాగున్నట్టు. కాలు విరిగినవాడు కూడా గ్రాండ్ అనే అంటాడు. అమ్మ చచ్చిపోయిందనీ, నా దగ్గర దాస్తున్నారనీ తేల్చుకుని, అన్నం మానేసి పెరట్లో కూర్చున్నాను.

గోడ అవతల ఐరిష్ తాతగారు ఒక్కరే ఉండేవారు. ఎవరి మీద అలిగావని అడిగితే విషయం చెప్పేశాను. ఆయన ఓదార్చే రకం కాదు. లోపలికెళ్ళి గడ్డం గీసుకునే అద్దం తెచ్చి, సూటిగా నా కళ్ళలోకి ఎండ కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు నవ్వి, గోడకు దూరంగానే కూర్చుని తన తాత కథ ఎత్తుకున్నారు.

ఆ తాత, ఐర్లండ్‌నూ మన దేశాన్నీ ఏలిన సామ్రాజ్యపు సైన్యంలో సిపాయి. కూటి కోసం చేరాడు. దక్షిణాఫ్రికాలో బోయర్లనే రైతులుండేవారు. ఎప్పుడో ఐరోపా నుంచి వెళ్ళి అక్కడ నేల పట్టుకున్నవాళ్ళు. మా రాజ్యం మాదే, మీ పెత్తనం చెల్లదని సామ్రాజ్యం మీద తిరగబడ్డారు. ఆ నేల అసలు ఎవరిదో ఆ ఆఫ్రికా జనాన్ని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదని తాతగారు మొహం చిట్లించి మరీ చెప్పారు. రైతులు ఒక ఊరిని చుట్టుముడితే ఈ సిపాయి లోపల చిక్కుకుపోయాడు. ఐర్లండ్‌ను తొక్కిపట్టిన సామ్రాజ్యం మీద మంటతో అతని తమ్ముడేమో రైతుల వైపు చేరి, బయట కొండల్లో తుపాకీ పట్టుకున్నాడు.

ఊళ్ళోవాళ్ళకు బయటి కబురు అద్దాలతోనే అందేది. సాయానికి వస్తున్న దండు దూరపు కొండ మీంచి అద్దంతో ఎండను సైగల్లా మెరిపించేది, వీళ్ళూ తిరిగి మెరిపించేవారు. ఒకసారి ముసురు పట్టి రోజుల తరబడి కొండ మెరవలేదు. మనల్ని వదిలేసి పోయారని సిపాయిలు బావురుమన్నారట. ఎండ రాగానే కొండ మళ్ళీ మెరిసింది. "వాళ్ళెక్కడికీ పోలేదు పిల్లా. మబ్బు అడ్డొచ్చింది, అంతే" అన్నారు తాతగారు. తమ్ముడేమయ్యాడని అడిగాను. ముసలివాడై ఈ ఊళ్ళోనే పోయాడట, చివరిదాకా అన్నతో పేకాటలో పోట్లాడుతూ.

తాతగారే నాన్నతో మాట్లాడి అద్దం సంగతి చెప్పారు. నాన్న ఆసుపత్రికి ఫోన్ చేసి అమ్మ కిటికీ ఏదో కనుక్కున్నాడు. అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం పట్టుకుని కారు పార్కింగ్‌లో నిలబడ్డాను. ఆకాశమంతా మబ్బు. ఐర్లండ్‌లో ఎండ కోసం కాచుకోవాలంటే ఓపిక ఉండాలి. నాన్న నాకు బన్ను తినిపించబోతే విసిరికొట్టాను. చివరికి మబ్బు విడింది. అద్దం తిప్పి వెలుగును ఆ కిటికీ మీద పడేశాను. ఏమీ లేదు. మళ్ళీ వేశాను. అద్దం కింద పెట్టి ఏడవబోతుండగా, పైనుంచి ఒక మెరుపు ముక్క జారి కారు మీద పడింది. వణుకుతూ వణుకుతూ వచ్చి నా గౌను ఎక్కింది.

నాన్న ఫోన్‌లో నర్సు నవ్వుతోంది. మేము పంపిన పప్పన్నం స్టీలు డబ్బా మూత అమ్మ చేతిలో ఉందట. సాయం పట్టబోతే వద్దని, తనే తిప్పుతోందట. "చూసినవా బిడ్డా, మీ అమ్మనే!" అంటూ నాన్న తారు మీదే చతికిలబడి ఏడ్చాడు. అంత హాయిగా ఏడ్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాకప్పుడు ఆకలి గుర్తొచ్చింది. బన్ను ఏరుకుని తిన్నాను.

అమ్మ ఇంటికొచ్చింది, చాలాకాలం బతికింది. ఆమె పోయాక, ఆ కరోనా తర్వాత పుట్టిన నా చెల్లెలు ఏదో మాటకు అలిగి నాతో మాటలు మానేసింది. ఇక వదిలెయ్యమని అందరూ అన్నారు. నా వల్ల కాలేదు. ప్రతి పండక్కీ ఫోన్ చేస్తూనే ఉన్నాను, అది ఎత్తకపోయినా. మొన్న ఉగాదికి ఎత్తింది. "ఏందక్కా, తిన్నవా?" అంది, నిన్ననే మాట్లాడినట్టు.