మూడు ఊళ్ల అవ్వ

మా అవ్వ ఒకచోట నిలిచేది కాదు. హిందూపురంలో మా ఇంట్లో రెండు వారాలుంటే ఎక్కువ. ఆ తర్వాత మంచం కింది సంచి పైకి వచ్చేది. చీరలు సర్దేది, తీసేది, మళ్లీ సర్దేది. "ఇంకో రెండు దినాలుండు అత్తా" అని మా అమ్మ బతిమాలితే, "ఉంటాలేమ్మా" అంటూనే వాకిట్లో చెప్పులు వెతుక్కునేది. పెనుకొండలో మా మేనత్త ఇల్లు, ధర్మవరంలో మా పెదనాయన ఇల్లు. ఈ మూడిళ్ల మధ్య ప్యాసింజరు రైల్లో తిరగడమే ఆమె సంసారం.

అవ్వావాళ్లది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మా తాత పోయేటప్పటికి మేనత్త చంటిపిల్ల. ఆ వీధిలో మగ్గం గుంటలో కూర్చునేది మగవాళ్లే. అవ్వ మాత్రం తాత కూర్చున్న గుంటలోనే కాళ్లు పెట్టి నేత మొదలుపెట్టింది. పెద్దకొడుక్కు పని నేర్పింది, మా నాయనను చదివించింది, కూతురికి పెళ్లి చేసింది. ఇవన్నీ పెదనాయన చెప్పగా విన్నవే. ఆమెను అడిగితే, "ఆ పొద్దు గడిసిపాయ. ఈ పొద్దు ఏం కూర?" అనేది.

నేను కాలేజీలో చదివేటప్పుడు మేనత్త భర్త గుండెపోటుతో పోయాడు. ఏడాది తిరిగాక ఆమె ఇంటి ముందుగదిలో బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీలు అమ్మే టిఫిన్ హోటలు పెడతానంది. మా నాయన ఒప్పుకోలేదు.

"మేముండంగా నువ్వు రోడ్డు మీద ఉగ్గాని అమ్ముతావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారన్నా, బాగుంటే ఇంకో ప్లేటు తింటారు."

ఆ జవాబుకు నాయన మనసు విరిగింది. ఆ గడప తొక్కనన్నాడు. అన్నట్టే తొక్కలేదు.

అవ్వ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఎవరితోనూ వాదించలేదు. మరుసటి రోజు రైలెక్కి పెనుకొండకు పోయి, హోటలు వెనక పీట వేసుకొని ఎర్రగడ్డలు తరగడానికి కూర్చుంది. నాయన ఫోను చేశాడు. పక్కనే ఉన్నాను గనక అటు మాటలు కూడా వినిపించాయి.

"ఈ వయసులో నీకు ఇదేం పనమ్మా? మా పరువు పోతాది. వచ్చెయ్."

"నేను గుంటలో కూచున్నప్పుడు పోని పరువు ఇప్పుడు పోతాదా? ఈడ పనుండాది, ఫోను పెట్టు."

ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. అవ్వ మాత్రం తిరుగుతూనే ఉంది. మేనత్త దంచిన పొడి తెచ్చి నాయన కంచంలో వేసేది. ఆయన కలుపుకొని తినేవాడు, ఎవరు చేశారని అడిగేవాడు కాదు. ఒకరి మాటలు ఇంకొకరికి మోయడం అవ్వకు లేదు. రాజీ పడమని చెప్పగా కూడా నేనెప్పుడూ వినలేదు.

పోయినేడు వేసవిలో మా ఇంట్లో ఉండగా ఆమెకు ఆయాసం మొదలైంది. గుండె బాగా బలహీనపడింది, మంచం దిగనివ్వద్దు, ప్రయాణాల మాటే ఎత్తొద్దు అన్నాడు డాక్టరు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. "బండి ఎన్ని గంటలకి?" అని అవ్వ పొద్దస్తమానం అడిగేది. మా అమ్మ స్టవ్ వెలిగించి ఎందుకు వెలిగించిందో మరిచిపోయేది. నాయన వీధి చివరిదాకా పోయి ఊరికే తిరిగొచ్చేవాడు. నాకు పుస్తకం పట్టుకుంటే ఒక్క పేజీ సాగేది కాదు.

మేనత్త రోజూ నాకు ఫోను చేసేది. మిద్దె మీదికి పోయి మాట్లాడేదాన్ని.

"అమ్మ తినిందా? మీ నాయన రమ్మని ఒక్క మాటంటే ఇప్పుడే వస్తా మ్మే."

కిందికొచ్చి నాయనకు చెబితే, "రావద్దని ఎవరన్నారు?" అనేవాడు. ఆయన పిలవడు, ఆమె రాదు. ఇద్దరి మధ్యా నేను మిద్దె ఎక్కుతూ దిగుతూ ఉండేదాన్ని.

ఒక ఉదయం చూస్తే అవ్వ మంచం మీద లేదు. గోడ పట్టుకొని గడపదాకా వచ్చి, సంచి ఒళ్లో పెట్టుకొని రొప్పుతూ కూర్చుని ఉంది. నాయన పరుగున వచ్చి పక్కన కూలబడ్డాడు.

"యాడికి పోతావమ్మా, ఊపిరే ఆడకుండా?"

"పెనుకొండకు. నువ్వు రాకపోతే నీ కూతురు వస్తాది."

 నాయన ఆమె పాదాలకంటిన దుమ్మును చేత్తో తుడుస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి చొక్కా వేసుకున్నాడు, కారు పిలిపించాడు. ఫోన్లో డాక్టరు అరిచాడు. "మీ ఇష్టం, నా బాధ్యత లేదు" అని పెట్టేశాడు.

దారి పొడుగునా అవ్వ ఊపిరినే వింటూ కూర్చున్నాను. పెనుకొండ కొండ కనపడగానే ఆమె తల ఎత్తబోయింది, చేతకాలేదు. కారు హోటలు ముందు ఆగేసరికి జనం ప్లేట్లు పట్టుకొని నిలబడి తింటున్నారు. మేనత్త గరిటె చేతిలో ఉండగానే బయటికొచ్చింది. కారు లోపలికి చూసింది, నాయనను చూసింది. 

"అన్నా, నువ్వు తల పట్టుకో. నేను కాళ్లు పట్టుకుంటా" అంది.

ఇద్దరూ కలిసి మోసుకుపోయారు. పలకరింపు అంతే. ఆ మధ్యాహ్నం నాయన అక్కడే బెంచీ మీద కూర్చుని ఉగ్గాని తిన్నాడు. కళ్లలో నీళ్లొచ్చాయి. మిరపకాయలు ఎక్కువయ్యాయన్నాడు. మేనత్త మంచినీళ్ల చెంబు తెచ్చి పెట్టింది.

కొన్నాళ్లకే అవ్వ ధర్మవరం అంది. ఈసారి ఎవరూ కాదనలేదు. అందరం వెళ్లాం. పెదనాయన ఆమె మంచం మగ్గాల గదిలోనే వేయించాడు. అక్కడ ఆమె బండి సంగతి అడగలేదు. ఒక సాయంత్రం, పాలివ్వాలా కాఫీ ఇవ్వాలా అని ముగ్గురు బిడ్డలూ మంచం చుట్టూ వాదించుకుంటుండగా పోయింది. వాళ్లు గమనించడానికి కొంచెంసేపు పట్టింది.

ఇప్పుడు నాయన నెలకోసారి పెనుకొండకు పోతున్నాడు. నాకే మనసు ఊరుకోదు. ఆ ప్రయాణాలు చేయించకపోతే ఇంకొన్నాళ్లు ఉండేదేమో. మొన్న హోటలుకు పోయినప్పుడు మేనత్తను అడిగేశాను.

 ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఉండేదేమో మ్మే. నాకేం తెలుసు? రేతిరి పండుకుంటే నాకూ అదే వస్తాది. కానీ ఆ కారు రాకపోయింటే నాకు అమ్మా లేదు, అన్నా లేడు."

ఎవరో బజ్జీలు అడిగారు. ఆమె లోపలికి పోయింది.