బుర్ఖాలో దాచిన లోగో

ఉద్యమ పాటలు పాడే ఒక గాయకుడికి నేను గీసిన లోగో తర్వాత ఎన్నో సీడీల మీద అచ్చయింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు కాటారం నుంచి భూపాలపల్లి పోయే బస్సే గుర్తొస్తుంది.

డప్పు మీద బిగించిన పిడికిలి. ఆ బొమ్మ కాగితాన్ని చుట్టి చేత్తో పట్టుకుని కూర్చున్నాను. పక్కన బుర్ఖా వేసుకున్న ఒక పెద్దావిడ.

అడవి దారిలో పోలీసులు బస్సు ఆపారు. అంతకుముందు వారమే, ఉద్యమ పోస్టర్లు దొరికాయని మా దోస్తును పట్టుకుపోయారు. కాగితాన్ని చొక్కా కింద దాచబోయాను.

"ఏందది బేటా?" అని మెల్లగా అడిగిందామె.

"ఉద్యమంల పాడే అన్న కోసం గీసిన బొమ్మమ్మా."

ఆమె వెంటనే కాగితం లాక్కుని బుర్ఖాలోకి దోపుకుంది.

బస్సెక్కిన పోలీసు నా సంచి మొత్తం వెతికి, "ఎటు పోతున్నవ్‌రా?" అన్నాడు.

"నా కొడుకు సారూ. నన్ను దవాఖానకు తోల్కపోతున్నడు," అందామె.

అతను దిగిపోయాడు. బస్సు కదిలాక ఆమె కాగితం నా ఒళ్లో పెట్టింది. ఆమె చేతులు నాకంటే ఎక్కువగా వణుకుతున్నాయి.

"జర నా చెయ్యి పట్టుకో బేటా," అంది.

పేర్లు అడగాలని ఇద్దరికీ తోచలేదు. భూపాలపల్లి వచ్చేదాకా ఆ చెయ్యి వదలలేదు.