మూరెడు పాట

ఇప్పుడు పాట గాలిలో దొరికే వస్తువు. వేలు ఆనిస్తే మొదలవుతుంది, నచ్చకపోతే మళ్ళీ వేలు ఆనిస్తే నోరు మూసుకుంటుంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, హనుమకొండలో ఒక ఇంగ్లీషు పాట వినాలంటే ఆ పాట ముందు హైదరాబాదు దాకా రావాలి. అక్కడ ఎవరో పుణ్యాత్ముడు దాన్ని క్యాసెట్టు మీదికి ఎక్కించాలి. ఆ క్యాసెట్టు ఎవరి సూట్‌కేసులోనో బట్టల మధ్య పడుకుని రైలెక్కి రావాలి. అలా వచ్చిన పాట ఏ అవతారంలో వస్తే అదే మాకు ప్రమాణం. (ఒక పాట మధ్యలో వచ్చిన ప్రెషర్ కుక్కర్ కూతను మా అన్న ఏదో కొత్త వాయిద్యమని నమ్మి దానికోసం ఒక పీపీ కొన్నాడు. అది కుక్కరేనని వాదించి గెలవడానికి నాకు రెండు రోజులు పట్టింది.) ఇదంతా ఎందుకంటే, నేనిప్పుడు ఒప్పుకోబోయే నేరంలో సగం ఆ కాలానిది. మిగతా సగం ఎవరిదనే విషయం మీద వాదనకు నేను ఇప్పటికీ సిద్ధమే.

మాది నలుగురి బ్యాండు. మా అన్న గిటారు మీద తాళానికి తోడు పడేవాడు. మా మేనమామ కొడుకు, అంటే నాకు బావ, డ్రమ్ములు. పాడేదీ, అసలు గిటారు వాయించేదీ, ఈ రెండింటి మధ్య జుట్టు దువ్వుకునేదీ అన్న స్నేహితుడు. అతన్నందరం హీరో అని పిలిచేవాళ్ళం. అందులోని ఎగతాళి అతనికి ఒక్కనాడూ వినపడలేదు. వాయిద్యాలన్నీ అతనివే, ఎందుకంటే వాళ్ళ నాన్నకు వరంగల్ బజారులో బట్టల దుకాణం. దుకాణం పైన గోదాములో మా సాధన. నాలుగు గోడలకూ చీరల మూటలు పేర్చి ఉండేవి కాబట్టి బావ ఎంత బాదినా కింద బేరమాడే ఆడవాళ్ళకు వినపడేది కాదు. చిన్నప్పుడు హార్మోనియం నేర్చుకున్న పాపానికి నన్ను కీబోర్డు ముందు కూర్చోబెట్టారు, అదీ షరతు మీద.

"చూడు చెల్లె, నువ్వు మంచిగనే వాయిస్తవ్, కాదంటలేను. కని నీ నోరున్నది చూడు, దానితోనే మాకు ఫికర్," అన్నాడు హీరో మొదటిరోజే. "ఒక్క లొల్లి పెట్టినా, ఒక్క తప్పు చేసినా, పరకాల పెండ్లి బ్యాండుల కీబోర్డాయన ఉన్నడు. పిలుస్తె తెల్లారే వస్తడు."

ఆ పరకాల మనిషిని నేను చూసి ఎరగను, కానీ ఆయనకు భయపడినంతగా మా నాన్నకు కూడా భయపడలేదు. ఎందుకో చెప్పాలి. కాలేజీలో నేను నోరు తెరిస్తే "దీనికి పొగరు" అనేవాళ్ళు. ఇంట్లో నోరు తెరిస్తే "దీన్ని ఏలుకునేటోడు ఎక్కడ పుట్టిండో" అని మా నానమ్మ నిట్టూర్చేది. ఆ గోదాములో మాత్రం నా వేళ్ళు ఏదైనా చెప్తే ముగ్గురు మగపిల్లలు చేతులు ఆపి వినేవాళ్ళు. ప్రపంచంలో నా మాటకు ఎవరూ అడ్డం రాని చోటు అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడం నావల్ల కాదు.

ఇక నేరం సంగతి. ఒకసారి హీరో హైదరాబాదు నుంచి ఒక రాక్ పాట తెప్పించాడు. పాట మాటలు విని తెలుగు అక్షరాల్లో రాసిపెట్టే పని నాది (హీరో ఇంగ్లీషు అంతా తెలుగు లిపిలోనే నడిచేది), కాబట్టి క్యాసెట్టు ముందు నా చేతికే వచ్చింది. ఒకసారి మొదటి నుంచి చివరిదాకా కళ్ళు మూసుకుని విన్నాను. రెండోసారి పెట్టి పెన్ను తీసేసరికి టేప్ రికార్డర్ కిర్రుమని ఆగింది. మూత తీసి చూస్తే లోపలి టేపంతా చక్రానికి చుట్టుకుని జంతికల పిండిలా నలిగిపోయి ఉంది. లాగాను. ఇంకా నలిగింది. ఇంట్లో ఎవరూ లేరు. కళ్ళముందు పరకాల మనిషి కీబోర్డు చంకన పెట్టుకుని బస్సు దిగుతున్నాడు. కత్తెర తెచ్చి నలిగిన ముక్కను కోసేశాను. పూలమ్మి కొలిచినట్టు కొలిచి చూస్తే సరిగ్గా మూరెడు. మిగిలిన రెండు కొసలనూ నా రోజారంగు గోళ్ళ రంగుతో అతికించి, ఊది, ఆరబెట్టి, పెన్సిలుతో తిప్పి లోపలికి పంపించాను. పాట మళ్ళీ పాడింది. అతుకు దగ్గర ఒక 'టిక్', ఆ వెంటనే గాయకుడు ఒక చరణం సగంలోంచి ఇంకో చరణం సగంలోకి దూకేశాడు. అంతే కదా, అనుకున్నాను. అంత పెద్ద పాటలో మూరెడు ఎంత?

మర్నాడు గోదాములో పాట వింటూ ఆ చోటు రాగానే హీరో కుర్చీలోంచి లేచాడు. "ఆగు ఆగు, వెనుకకు తిప్పు. విన్నర్రా? నడుమ తాళం ఎట్ల తెంపిండో! దిమాక్ అంటే తెల్లదొరలదే." నేను చెప్పడానికి నోరు తెరిచాను. దైవసాక్షిగా తెరిచాను. అప్పటికే బావ కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. "మూడున్నర దెబ్బలకు దుంకుతాండు," అన్నాడు, దేవుణ్ణి చూసినవాడిలా. "మూడున్నర! గిసొంటిది ఎవనికి తడుతదిరా?" నోరు మూసుకున్నాను. పాట దూకే ఆ చోటుకు 'గంతు' అని పేరు పెట్టారు. నెల రోజులు మేము సాధన చేసింది పాటను కాదు, గంతును. 'టిక్' కూడా పాటలో భాగమేనని బావ దాన్ని డ్రమ్ము అంచుమీద పుల్లతో ఎంతో భక్తిగా కొట్టేవాడు. విచిత్రం ఏమిటంటే నాలుగో వారానికి నేను కూడా నమ్మేశాను. ఆ పాట పుట్టినప్పటినుంచీ గంతుతోనే పుట్టినట్టు, కత్తెర కలలో చూసినట్టు అనిపించింది.

అప్పుడొచ్చాడు కాజీపేట అంకుల్. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, బొంబాయి వెళ్ళి, సినిమా పాటల రికార్డింగుల్లో గిటారు వాయించి పేరు తెచ్చుకున్న మనిషి. ఏటా క్రిస్మస్‌కు కాజీపేటలో అక్క ఇంటికి వచ్చేవాడు. మాతో ఒక పాట వాయించమని హీరో ఆ ఇంటి గేటు దగ్గర మూడు రోజులు నిలబడ్డాడు. నాలుగోరోజు ఆ అక్కే విసిగి, "పోయి ఒక పాట వాయించి రారా, ఈ పోరడు నా పూల కుండీలను తొక్కుతాండు," అందట. హనుమకొండలోనే సుబేదారి హాల్లో శనివారం సాయంత్రం మా ప్రోగ్రాం. దానికి ముందురోజు ఆయన గోదాము మెట్లెక్కి, చీరల మూట మీద కూర్చుని, గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. పాట మొదలైంది. ఆయన వేళ్ళ కింద మా పాట స్నానం చేసి కొత్త బట్టలు కట్టుకున్నట్టుంది. గంతు వచ్చింది. మేము నలుగురం దూకాం. ఆయన దూకలేదు.

"ఒక్క నిమిషం బిడ్డా," అన్నాడు నవ్వుతూ. "నడుమ కొంచెం ఎటో పోయింది కదా?"

"ఏం పోలే అంకుల్," అన్నాను నేను. ఎవరూ అడగకుండానే.

"పోయింది బిడ్డా. నేను ఈ పాట పన్నెండేండ్ల సంది వాయిస్తున్న."

"పన్నెండేండ్ల సంది తప్పే వాయిస్తాన్నరేమో అంకుల్."

గోదాములో చీరలు కూడా ఊపిరి బిగబట్టాయి. అన్న తల పట్టుకున్నాడు. హీరో మొహం ఎర్రబడింది. "అయిపోయింది. అంకుల్, జర మాఫ్ చెయ్యండ్రి. దీన్ని ఇయ్యాల్నే తీసేస్తన్న. పరకాలకు కబురు పెడుత."

"ఆగు బాబూ. క్యాసెట్ ఉన్నదా?"

పెట్టారు. టిక్. గంతు. "ఆ టిక్కు నేను పుల్లతోని కొడుత అంకుల్," అన్నాడు బావ వినయంగా.  అంకుల్ క్యాసెట్టు బయటికి తీసి, చిటికెన వేలితో తిప్పి, కొంచెం టేపును కిటికీ వెలుగులోకి లాగి చూశాడు. కందిగింజంత రోజారంగు మెరిసింది. ఆయన తలెత్తి నా చేతుల వైపు చూశాడు. పది గోళ్ళూ చున్నీలోకి ముడుచుకున్నాను.

"టేపుల గట్లనే ఉన్నది," అన్నాడు ఆయన. "పాప చెప్పింది నిజమే. నాకు నేర్పండ్రి." (అబద్ధం చెప్పలేదని గమనించండి. టేపులో అలాగే ఉంది.) ఆ తర్వాత అరగంటసేపు బొంబాయి మహా విద్వాంసుడు మా బావ దగ్గర మూడున్నర లెక్క నేర్చుకున్నాడు. రెండుసార్లు తప్పాడు కూడా. వెళ్తూ మెట్ల దగ్గర నా పక్కన ఆగి, "రంగు మంచిగున్నది బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "కని పలచగ పుయ్యాలె. అప్పుడు టిక్కు రాదు."

శనివారం హాలు నిండింది. ముందు వరుసలో ఆఫీసర్లు, వెనక కాలేజీవాళ్ళు, పక్కన తమ మనిషి కోసం వచ్చిన కాజీపేట రైల్వేవాళ్ళు. పాట మొదలైంది. గంతు వచ్చింది. మేము దూకాం. అంకుల్ చేతులు మాత్రం పన్నెండేళ్ళ అలవాటుకొద్దీ పాత దారిలోనే పోయాయి. మా బ్యాండు వరంగల్ స్టేషనులో దిగిపోయింది, అంకుల్ గిటారు ఇంకా కాజీపేటలోనే ఉంది. హీరో ఒక చరణం పాడుతున్నాడు, అంకుల్ ఇంకోటి వాయిస్తున్నాడు, ముందు వరుసలో ఒక ఆఫీసరు చెవి గోక్కున్నాడు. ఆ మూరెడు ఎలా సాగుతుందో ఆ వేదిక మీద అంకుల్ తర్వాత తెలిసినదాన్ని నేనొక్కదాన్నే; టేపు నలిగేముందు పూర్తిగా విన్నది నేనే కదా. అందరితో పాటు తప్పు వాయిస్తే ఎవరూ నన్నేమీ అనరు. ఒప్పు వాయిస్తే, నీకెలా తెలుసని అడుగుతారు. అదంతా ఆలోచించేంత సమయం లేదు. నా వేళ్ళు వెనక్కి వెళ్ళి అంకుల్ చెయ్యి పట్టుకున్నాయి. బావ నా వేళ్ళ వైపు చూసి ఒక దెబ్బ ఆపి నాతో వచ్చేశాడు, బావను చూసి అన్న. హీరో పాట ఆపి, అదంతా ముందే అనుకున్నట్టు, చేతులెత్తి జనంతో చప్పట్లు కొట్టించాడు. (అతనికి ఆ ఒక్క విద్య నిజంగా వచ్చు.) మూరెడు దాటాం. అందరం ఒకే స్టేషనులో కలిశాం. హాలు దద్దరిల్లింది.

తెర వెనక్కి రాగానే హీరో అడగనే అడిగాడు. "నడుమ అది నీకెట్ల తెల్సు?"

"నేనే నేర్పిన," అన్నాడు అంకుల్ గిటారు తుడుచుకుంటూ.

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నా తరఫున ఇంకొకరు మాట్లాడితే భరించలేని జబ్బు నాది. "అంకుల్ ఏం నేర్పలే. క్యాసెట్ల ఉండె. నేనే కోసిన," అన్నాను. మొత్తం చెప్పాను: కత్తెర, మూర, రంగు.

 బావ లేచి నా ముందుకొచ్చాడు. "అంటే, ఆ టిక్కు?"

"గోర్ల రంగు బావా."

డ్రమ్ము పెట్టె మీద కూలబడ్డాడు. "నెల రోజులే! నెల రోజుల సంది నేను గోర్ల రంగుకు తాళమేసిన్నా!"

అంకుల్ ఎంత నవ్వాడంటే ఆయన అక్క నీళ్ళు తెచ్చి తాగించాల్సి వచ్చింది. హీరో మాత్రం నవ్వలేదు. "రేపటి సంది రాకు చెల్లె," అన్నాడు. మాట మాటే. నేను వాదించడానికి ఏమీ దొరకని రోజు నా జీవితంలో అదొకటి.

పదిహేను రోజులు ఇంట్లో నానమ్మతో కలిసి బియ్యంలో రాళ్ళు ఏరాను. పదహారో రోజు హీరో మా గుమ్మంలో నిలబడ్డాడు. పరకాల మనిషి నిజంగానే ఉన్నాడట, వచ్చాడట, నాకంటే బాగా కూడా వాయించాడట. పాట సరిగ్గా, మూరెడు కలుపుకుని వాయిద్దామన్నాడట. దానికి మా బావ పుల్లలు కింద పడేసి, "గంతు లేకుంటె నేను వాయించ," అని మూటల మీద పడుకున్నాడట. తప్పని తెలిసీ ఎందుకురా అంటే, "మస్తు కష్టపడి నేర్చుకున్న," అన్నాడట. పరకాలాయన మర్యాదగా నమస్కారం పెట్టి బస్సెక్కాడు. నేను మళ్ళీ గోదాము మెట్లెక్కాను. బావ పట్టుబట్టింది గంతు కోసమా, ఇంకెవరికోసమా అనేది ఆయన ఇప్పటికీ తేల్చలేదు. మా పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది కాబట్టి నాకూ తొందర లేదు. అంకుల్ ఆరోజు వేదిక మీద నిజంగా మరిచిపోయాడా, నా కోసం కావాలనే చేశాడా అన్నదాని మీద మాత్రం మాకు నెలకొకసారి తగువవుతుంది.

బ్యాండు రెండేళ్ళలో ఉద్యోగాలై చెదిరిపోయింది. నలిగిన ఆ మూరెడు టేపు ఇప్పటికీ నా దారాల పెట్టెలో గుండీల కింద ఉంది. మొన్న భోజనాల వేళ ఫోనులో ఆ పాట దానంతటదే వచ్చింది, శుభ్రంగా, గరగర లేకుండా. ఆ చోటు దగ్గరపడుతుంటే బావ చెంచా ఎత్తాడు, నా వేళ్ళు బల్లమీద సర్దుకున్నాయి. కంచం అంచున 'టిక్'. ఇద్దరం దూకాం. పాట మాత్రం దూకకుండా తన దారిన తాను సాగిపోతూనే ఉంది, మూరెడు పొడవునా.

"ఎంత సాగదీస్తాండ్రో చూడు," అన్నాడు బావ.

ఆ ఒక్క మాటకు నేను ఎదురు చెప్పలేదు.