పేరు తెలియని ముప్ఫై తొమ్మిది కాగితాలు

అబద్ధమైతే ఈ తిన్న అన్నం నాకు అరగకూడదు... సరేనా? బైబిలు మీద చెయ్యి పెట్టమన్నా పెడతాను. ఇది జరిగింది. నాకే జరిగింది. పోయిన వేసవిలో, గుంటూరు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో. అర్ధరాత్రి కూడా కాదు, ఎనిమిదిన్నర. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను.

నేను కాలేజీలో లైబ్రరీ చూస్తాను కదా. ఆ కోల్డ్ స్టోరేజీ యజమానిగారి తమ్ముడు ఒక ఆర్టిస్టు. బొమ్మలేసే ఆర్టిస్టు కాదు, చప్పుళ్ళ ఆర్టిస్టు. ఊళ్ళు తిరిగి చప్పుళ్ళు రికార్డు చేసేవాడు. తర్వాత పెద్ద ఊళ్ళలో ఒక చీకటి గదిలో మిర్చి గోతాలు పేర్చి, వాటిలో స్పీకర్లు దాచి, ఆ చప్పుళ్ళు వినిపించేవాడు. జనం ఆ గోతాల మధ్య నిలబడి కళ్ళు మూసుకుని వినేవారట. ఎక్కువమంది మెచ్చుకున్నది మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ చప్పుడు. దాంతో విదేశాలు కూడా తిరిగొచ్చాడు.

ఆ ఆడవాళ్ళలో మా అమ్మ ఒకతె.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఆయన మా ఇంటికొచ్చాడు. అమ్మ వండిన పప్పుచారు పోసుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. "నీ గొంతు ఎక్కడికెళ్తే నీ పేరూ అక్కడికొస్తుందమ్మా, నేను రాస్తాగా" అన్నాడు. అమ్మ ఆ మాట పోయేదాకా చెప్పుకుంది. ఆ మిర్చి ఘాటుకి ఊపిరితిత్తులు పాడై మంచం పట్టినప్పుడు కూడా, "ఏ దేశంలోనో గోడ మీద నా పేరు రాసుంటదే పిల్లా" అనేది. దగ్గుతూ నవ్వేది.

అమ్మ పోయిన మూడేళ్ళకు ఆయనా పోయాడు. టేపులన్నీ బూజుపట్టి పాడయ్యాయి. మిగిలినవి కాగితాలే, పదహారు అట్టపెట్టెలు. చెద పట్టకుండా కోల్డ్ స్టోరేజీ ఆఫీసు వెనక గదిలో పెట్టారు. వాటిని బెంగళూరులో ఏదో మ్యూజియం వాళ్ళు తీసుకుంటామన్నారు. మర్నాడు పొద్దున వ్యాను వస్తుందనగా, వాళ్ళ అన్నగారు నన్ను పిలిచి, "ఏ పెట్టెలో ఏముందో కాస్త లిస్టు రాసిపెట్టమ్మా" అన్నారు. ఒప్పుకున్నాను. నిజం చెప్పొద్దూ, నేను వెళ్ళింది లిస్టు కోసం కాదు. అమ్మ పేరు ఒక్కసారి కళ్ళారా చూసుకుందామని.

గదిలో ఒక బల్బు. ఒక బల్ల. పెట్టెలు. నా ఫోను బయట ఆఫీసులో ఛార్జింగుకి పెట్టాను. ఇది బాగా వినండి... ఆ గదిలో మోగే వస్తువు ఏదీ లేదు. టేపు లేదు, రేడియో లేదు. కాగితాలు, నేను. అంతే.

పది పెట్టెల లిస్టు రాశాక, పదకొండో పెట్టెలో దొరికాయి. ఒక్కో ఆడమనిషికి ఒక్కో కాగితం, మొత్తం ముప్ఫై తొమ్మిది. రికార్డు చేసిన ప్రతి చప్పుడూ ఆయన వరసగా రాసుకునేవాడు. ఎన్నో సెకనులో దగ్గు, ఎన్నో సెకనులో గాజు. పేరు పైన ఉండాలి.

అమ్మ పేరు, నాగేంద్రమ్మ అని వెతికాను. లేదు. ఆమె రెండో పేరు, సలోమి అని వెతికాను. లేదు. ఏ కాగితం తీసినా పైన ఒకటే మాట... "పేరు తెలియదు."

అట్టడుగున ఉంది అమ్మది. అన్నిటికంటే ముందు రాసిన కాగితం. అందులో మాత్రం రెండు పేర్లూ ఉన్నాయి. రెండూ కొట్టేసి ఉన్నాయి. పక్కన ఆయన చేతిరాత: "నాకు ఒక పేరు చెప్పింది. మేస్త్రి పిలిస్తే ఇంకో పేరుకి పలికింది. అబద్ధాల మనిషి. ఇక మిగతావాళ్ళను అడగను."

అబద్ధాల మనిషట! మా ఇళ్ళల్లో అందరికీ రెండు పేర్లు. చర్చిలో సలోమి, రేషన్ కార్డులో నాగేంద్రమ్మ. చర్చి పేరు కార్డులోకెక్కితే పిల్లల కులం సర్టిఫికెట్‌కి చిక్కొస్తుందని అలా పెడతారు. నేను మీ అందరికీ సునీతను, మా పేటలో రూతుని. ఈ చుట్టుపక్కల చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. ఊరూరా తిరిగి చీమ చిటుక్కుమన్నా రికార్డు చేసినవాడికి ఇది తెలియలేదా? అమ్మని ఒక్క మాట అడిగితే చెప్పేది కదా! మా ఇంట్లో అన్నం తిని... నాకు కాళ్ళ దగ్గర్నుంచి మంట ఎక్కింది. ఆ కోపంలోనే కాగితం పైకి చదవడం మొదలుపెట్టాను.

"తొడిమ. తొడిమ. తొడిమ. గాజు."

చిటుక్... చిటుక్... చిటుక్... గల్.

నా వెనక.

ఆగాను. ఏమీ లేదు. బల్లి అనుకున్నాను. మళ్ళీ చదివాను, ఈసారి నెమ్మదిగా. "తొడిమ... తొడిమ... తొడిమ..."

చిటుక్. చిటుక్. చిటుక్. గల్.

మీకు చెబితే అర్థమవుతుందో లేదో. మా అమ్మ మూడు కాయలు తుంచి ఒకసారి చెయ్యి విదిలించేది. మంటకి. ఆమె ఎడమ చేతికి ఒకే గాజు ఉండేది. ఆ చేతుల మంటకే ఆమె నా చెంపను ఎప్పుడూ అరచేత్తో తాకలేదు, చేతి వెనకవైపుతో నిమిరేది. ఆ చప్పుడు వింటూ పెరిగాను నేను. దాన్ని పోల్చుకోలేనా?

వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాను. చదువుతూనే ఉన్నాను. దగ్గు అని చదివితే... దగ్గు. కొంగు దులిపింది అని చదివితే... ఆ దులుపు. కాగితం చివరికొచ్చింది. ఆఖరి మాట, "ఆపేశాను."

నేను ఆపేశాను. అది ఆగలేదు.

చిటుక్... చిటుక్... చిటుక్... గల్.

కాగితంలో లేనిది. ఎవరూ రాసుకోనిది. దగ్గరికొచ్చింది. నా కుర్చీ వెనకే... ఒక దగ్గు. తర్వాత, మెల్లగా, మొహమాటంగా...

"రాశావా అయ్యా?"

నాకు భయం వేయలేదంటే అబద్ధం. కానీ దాన్ని మించి కోపం వచ్చింది. "రాయలేదమ్మా! వాడు రాయలేదు!" అని అరిచాను. పాత కాగితం మీద పెన్ను పెట్టకూడదని పిల్లలను రోజూ తిట్టే మనిషిని నేను. పెన్ను తీసి, ఆ కొట్టివేతల మీదే, లావుగా రాశాను. సలోమి అనే నాగేంద్రమ్మ.

చప్పుడు ఆగింది.

హమ్మయ్య అనుకున్నాను... ఒక్క నిమిషం. తర్వాత పెట్టెలో మొదలైంది. ఒకటి కాదు. పది, ఇరవై... ఎవరి లెక్క వాళ్ళది. ఒకరు రెండు తుంచి ఆగుతున్నారు. ఒకరు ఆపకుండా తుంచుతున్నారు. ఎవరో ముక్కు చీదారు. మిగతా ముప్ఫై ఎనిమిది కాగితాలూ...

"నాకు మీ పేర్లు తెలియవు" అన్నాను. ఏడుస్తున్నాను అప్పటికే. "నిజంగా తెలియవు."

ఎలా బయటపడ్డానో గుర్తులేదు. వాచ్‌మన్ కోటయ్య బాబాయి గేటు దగ్గర్నుంచి వచ్చాడు. "ఏందమ్మా, లోపల కాయలు ఒలిపిస్తున్నారా? ఒకటే చప్పుడు" అన్నాడు. నా మొహం చూసి, "ఎలకలయ్యుంటయిలే, పదమ్మా ఆటో ఎక్కిస్తా" అంటూ తాళం వేశాడు. పొద్దున వ్యాను వచ్చి పెట్టెలన్నీ తీసుకుపోయింది.

నెల తర్వాత మ్యూజియం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, తొడిమల కాగితాల మీద ఎవరో ఈ మధ్య పెన్నుతో పేర్లు రాశారు. మీరేనా?"

"ఒక్కదాని మీద రాశానండీ" అన్నాను.

"ఒక్కటేంటి మేడమ్? ముప్ఫై తొమ్మిదింటి మీదా ఉన్నాయి. రెండేసి పేర్లు. మార్తమ్మ అనే వెంకాయమ్మ, ఎస్తేరు అనే కోటేశ్వరమ్మ... చేతిరాత మీ లిస్టులో రాతలాగే ఉంది."

నాకు మార్తమ్మ తెలియదు. ఎస్తేరు తెలియదు. కోటయ్య బాబాయి రాశాడనుకుందామంటే ఆయన వేలిముద్ర మనిషి. ఆ పెట్టె దగ్గర నేను ఎంతసేపున్నానో, నా చేత్తో ఏం చేశానో... ఎన్ని రాత్రులు ఆలోచించినా ఆ ముక్క గుర్తు రావడం లేదు.

ఆ అమ్మాయి అంది, "తర్వాత రాసినవి తీసెయ్యాలి మేడమ్. ఆర్టిస్టుగారు రాసిందే అసలు కదా."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అన్నీ నేనే రాశాను. అన్నీ నిజమే. ఒక్కటి చెరిపినా బెంగళూరు వచ్చి మళ్ళీ రాస్తాను, కేసు పెట్టుకోండి" అన్నాను.