కుప్పం ఆమె ఎవరు?

కరోనా రెండో అల తగ్గిన ఏడాది నన్ను పుంగనూరు క్షేత్ర విభాగం నుంచి మదనపల్లె ప్రధాన కార్యాలయానికి డాక్యుమెంటేషన్ ఆఫీసరుగా వేశారు. మాది మెదడు, నరాల పరిశోధన సంస్థ. మా శాస్త్రవేత్తలు ఏమేం ప్రచురించారు, ఆ వ్యాసాలను బయటివాళ్లు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారు అని లెక్క తీయడం నా పని. అలా పేర్కొనడాన్నే సైటేషన్ అంటారు. పదోన్నతి ఫైళ్లలో ఆ లెక్క కింద సంతకం నాది. చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు కాబట్టి నాకు స్నేహితులు తక్కువ.

మరుసటి వేసవిలో డాక్టర్ రెడ్డెమ్మ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. పుంగనూరు నాటి నుంచి నాకు పరిచయం. ఆమెది కలకడ, పరిశోధన మూర్ఛరోగం మీద. అసోసియేట్ నుంచి ప్రొఫెసరు కావడానికి అదే ఆఖరి అవకాశం. తర్వాతి విడతకు వయసు దాటిపోతుంది. సైటేషన్లేమో చాలలేదు. పైగా బయటి నిపుణుడొకాయన ఇలా రాశాడు: "దరఖాస్తుదారుకు సొంత దారి లేదు. కుప్పం కేంద్రం పరిశోధకురాలి వెనకే నడుస్తున్నారు."

ఫైలు ఆమెకు చూపించకూడదు. అడగకూడదని మాత్రం ఏ నియమంలోనూ లేదు. ఫోన్ చేశాను.

"రెడ్డెమ్మా, కుప్పంలో నీ పనే చేసిన ఆమె ఎవురు?"

"ఆడ ఆ పని చేసిందాన్ని నేనొక్కదాన్నే కదక్కా! నాకు తోడుండింది ఎలకలే. వాటిల్లో ఏదన్నా పేపరు రాసిందా యేమి?"

ఇద్దరం నవ్వి నవ్వి మాట పడిపోయేదాకా వచ్చింది. విదేశీ పత్రికల దరఖాస్తులో ఇంటిపేరు గడి ఒకటి తప్పనిసరి. పుంగనూరులో ఉన్నప్పుడు ఆమె అందులో తండ్రి పేరు నింపింది. పెళ్లయి మా సంస్థ కుప్పం కేంద్రానికి పోయాక అత్తవారి ఇంటిపేరు. మదనపల్లెకు వచ్చాక, ఏం తిక్క పుట్టిందో, పుట్టింటి ఇంటిపేరు. కంప్యూటరు ముగ్గురు ఆడవాళ్లను తయారుచేసి పెట్టింది.

సర్వీసు పుస్తకం, పెళ్లి సర్టిఫికెట్టు జతచేసి సైటేషన్ల జాబితా నడిపే కంపెనీకి రాశాను. ముగ్గురినీ ఒకటి చేసి సైటేషన్లన్నీ కలిపారు. అప్పుడు నేను ఎర్ర పెన్ను తీశాను. మదనపల్లె ఆమె కుప్పం ఆమెను పేర్కొన్నవన్నీ ఇప్పుడు స్వీయ సైటేషన్లు, వాటిని తీసేయాలి.

"కలపమంటే కోస్తాండావేమక్కా!"

"నిన్ను నువ్వే పొగుడుకుంటే లెక్కలోకి యాడ వస్తాదమ్మా?"

కోత పోగా బొటాబొటిగా హద్దు దాటింది. పట్టిక తీసుకుని డైరెక్టరు గదికి వెళ్లాను. ఆయన ముఖం మాడింది.

"ఏమ్మా, మూర్ఛ మీద పనిచేసే మహిళా శాస్త్రవేత్తలు ముగ్గురుండారని వార్షిక నివేదికలో అచ్చేసుకున్యాం. ఇద్దుర్ని యాడికి పంపిస్తాండావు?"

"జీతం ఒకరికే ఇస్తాండారు గదా సార్. తతిమ్మా ఇద్దురూ ఇన్నేండ్లు ఊరికే చేసినారా?"

ఆయన కళ్లజోడు తీసి, నవ్వు ఆపుకోలేక, పట్టికను పదోన్నతుల సమావేశానికి పంపారు.

కొత్త పట్టిక చూసిన నిపుణుడు, ముందు నడిచిందని తానే రాసిన కుప్పం ఆమెను ఇక కాదనలేకపోయాడు. రెడ్డెమ్మ ప్రొఫెసరైంది. వార్షిక నివేదికకు సవరణ కాగితం అచ్చేశారు.

సైటేషన్ లెక్క ఒక పని ఎంతమందికి పనికొచ్చిందో చెబుతుంది. ఆ పని ఎవరు చేశారో మనిషిని అడిగి తెలుసుకోవాలి. స్వచ్ఛంద విరమణ తీసుకున్న రోజు వరకు, ఆ మనిషితో మాట్లాడకుండా ఏ పట్టిక కిందా నేను సంతకం పెట్టలేదు.