మొగిలమ్మ వైపు ముఖాలు

ఎల్లస్వామి జంపఖానా మీద ఎవరి ముఖం నేస్తే వాళ్లు తొమ్మిది రోజుల్లో పోతారని కొత్తవాడలో ఒక మాట తిరుగుతోంది. పాల ప్యాకెట్ల దగ్గర పుట్టి ఆటో స్టాండు దాకా పాకింది. మట్టెవాడ నుంచి నూలు తెచ్చే మనిషి కూడా ఇప్పుడు ఆ గుమ్మం ముందు నిలబడడం లేదు, కట్టలు లోపలికి విసిరేసి వెళ్లిపోతున్నాడు. ఈ మాటలో రెండు తప్పులున్నాయి. ముగ్గురు పోయారంటున్నారు కదా, అందులో భాగ్యమ్మ, కుమారస్వామి కరోనాలోనే పోయారు. అప్పటికి ఆ జంపఖానాకు పడుగైనా ఎక్కించలేదు. రెండో తప్పేమిటో ఎల్లస్వామికీ, అతని భార్య మొగిలమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఎల్లస్వామికి అరవై ఆరేళ్లు. పన్నెండో ఏట పంజా పట్టాడు. పేక దారాన్ని దగ్గరకు కొట్టే ఇనుప దువ్వెన అది. పెళ్లయిన వారానికే మొగిలమ్మ వచ్చి అతని కుడిపక్కన కూర్చుంది. జంపఖానా వెడల్పు, ఒక్కరి చెయ్యి అందదు. ఎడమ సగం అతనిది, కుడి సగం ఆమెది. ఒకరి సగంలో ఇంకొకరు వేలు పెట్టకూడదని ఆ ఇంటి కట్టుబాటు. తప్పు పడితే నోటితో చెప్పాలి, అంతే. నలభై రెండేళ్లుగా ఆ గీత ఎవరూ దాటలేదు. అడిగితే తప్ప మాట్లాడని మనిషి ఎల్లస్వామి. అడిగినా సగమే చెప్తాడు.

నిరుడు హనుమకొండ నుంచి సుభాషిణి మేడం వచ్చింది, కాలేజీలో చరిత్ర చెప్తుంది. కాలేజీ హాలుకు అయిదు జంపఖానాలు కావాలంది, యూరప్‌ వాళ్ల అయిదు కాలాలవి. మొదట చర్చిల కాలంలో రాతలూ బొమ్మలూ అన్నీ దేవుడి చుట్టే తిరిగాయట. తర్వాత మహమ్మారి వచ్చి కొన్నిచోట్ల ముగ్గురిలో ఒకరిని ఎత్తుకుపోయింది. అప్పుడు రాసేవాళ్లు చావును రాశారు. గీసేవాళ్లు గోడల నిండా అస్థిపంజరాలు గీశారు. రాజునీ, ఫాదర్‌నీ, చంటిబిడ్డ తల్లినీ చెయ్యి పట్టుకుని ఆడిస్తూ తీసుకుపోయే అస్థిపంజరాలు. ఆ తర్వాత మనిషి తన ఒంటినీ ముఖాన్నీ మళ్లీ ముచ్చటగా చూసుకున్నాడట. ఆపైన తిరుగుబాట్లు, ఆపైన యంత్రాల పొగ.

మేడం వెళ్లాక ఎల్లస్వామి ఖాళీ మగ్గం వైపు చూశాడు.

"ఆళ్ల కాలానికి ఆ బొమ్మలన్న మిగిలినయి. కరోనకు మనమేం నేసినం?"

"మగ్గాలే బందు వెట్టినం గదా" అంది మొగిలమ్మ.

మొదటిది సాఫీగా దిగింది. రెండోది మహమ్మారిది. నిలబడ్డ మనుషుల వరస, మనిషికీ మనిషికీ మధ్య ఒక అస్థిపంజరం. నేతలో ఆ మనుషులు అడ్డంగా పడుకుని వస్తారు. కాళ్లు ఎల్లస్వామి వైపు, తలలు మొగిలమ్మ వైపు. మేడం ఇచ్చిన గళ్ల కాగితంలో ముఖాల చోటు ఖాళీ. మీకు తోచిన రంగులు నింపుకోండి అంది. మొగిలమ్మ చేతికి అందిన దారం నింపుకుంటూ పోయింది. దగ్గర నుంచి చూస్తే అవి రంగు చుక్కలే. నేసిన మేరకు కిందికి చుట్టుకుపోతుంది కాబట్టి మళ్లీ చూసే పనీ లేదు.

ఉగాదికి ముందు మేడం ఫోటో కావాలంటే పడుగు వదులు చేసి పరిచారు. వాడవాళ్లు నలుగురు లోపలికి వచ్చారు. పక్కకు తిరిగి దూరం నుంచి చూసేసరికి ఆ చుక్కలు ముఖాలయ్యాయి. కిరీటం కింద కుమారస్వామి, మెల్లకన్నుతో సహా. చంటిబిడ్డ తల్లి చోట భాగ్యమ్మ, పెదవి మీద పుట్టుమచ్చతో. వర్తకుడి చోట ఎదురింటి సమ్మయ్య. ఆ సమ్మయ్య అక్కడే నిలబడి ఉన్నాడు.

"నన్ను గూడ తోల్కపోతున్నరా ఎల్లన్నా? జర ఆగుమను, బువ్వ తినొస్త" అని అతనొక్కడే నవ్వాడు.

తొమ్మిదో రోజు దవాఖానలో పోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. ఈ సంగతిలో మాత్రం సరిదిద్దడానికి తప్పేమీ లేదు.

వాడంతా ఎల్లస్వామిని అనడం మొదలుపెట్టింది. దావత్‌లకు పిలుపులు ఆగిపోయాయి. అందరూ నేతవాళ్లే, అయినా ఆ తలలు మగ్గంలో ఎవరి వైపు వచ్చాయని ఒక్కరికీ తోచలేదు. ఎల్లస్వామి ఒక్క ముఖం కూడా నేయలేదు. ఆ మాట అతను చెప్పలేదు. మొగిలమ్మా చెప్పలేదు.

నడుము నొప్పి అని ఆమె మగ్గం దిగింది. నొప్పి నడుముకు కాదు. తన చేతులంటే తనకే భయం పట్టుకుంది. బియ్యం ఏరుతుంటే పళ్లెంలో గింజలు రెండు కళ్లుగా, ముక్కుగా సర్దుకున్నట్టు అనిపించి లేచిపోయేది. జంపఖానాలో ఇంకొక్క మనిషి మిగిలాడు. ఎల్లస్వామి వైపు ఆ మనిషి కాలి బొటనవేలు వచ్చి ఆగింది. ఆమె వైపు ఇంకా ఉత్త నలుపే. ఆ నలుపును చూడకుండానే నెల రోజులు మగ్గం చుట్టూ ఊడ్చింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి చుట్టుపక్కల పవర్‌లూమ్‌లన్నీ ఒక్కసారే ఆగాయి. ఎల్లస్వామి మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని తన వైపే కూర్చుని ఉన్నాడు. మొగిలమ్మ చీపురు పక్కన పెట్టింది.

"మొకాలు నేసింది నేను. అందరు నిన్నంటాంటే ఒక్కమాట అనకపోతివి."

అతను పంజా పళ్లకు చిక్కిన పోగు లాగాడు.

"సరే, అది ఇడిసిపెట్టు. ఆ ఏలు ఎవలదో చెప్పు."

ఎల్లస్వామి గుంతలోంచి కుడికాలు పైకి తీసి చూసుకున్నాడు. జంపఖానా మీది వేలునూ చూశాడు. కుడిపక్కన ఆమె పీట మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"ఏలు నాది లెక్కనే ఉన్నది, మొగిలీ. మొకం నీ దిక్కుకెల్లి రావాలె. వచ్చి కూసో, ఇద్దరం ఒక్కపారే చూద్దాం."